క్రీడాభిరామమున ఓరుగంటి పురజనుల ఆచారములు - సాక్ష్యవిచారము

ఆంధ్రవాఙ్మయమున ఒక మహానగరమును, అందలి జనుల వింత అలవాట్లను కన్నులకు గట్టినట్లు చూపు గ్రంథములు మిక్కిలి అరుదు. ప్రబంధములలోని పురవర్ణనలందు మేడలు చంద్రుని తాకును, కోటలు మేఘములనొరయును. కాని ఆ పురమున పూటకూటి యింట భోజనమునకు వెల యెంతయో తెలిసికొనవలెనన్న ఆ వర్ణనలు మనకు తోడ్పడవు. క్రీడాభిరామము తోడ్పడును. లక్ష్మణవజ్ఝల యింట ఒక రూకకు దొరకు పదార్థములను అది వరుసగా పేర్కొన్నది. ఇట్టి విశేషములచేతనే యీ చిన్న కావ్యము సాహిత్యవిమర్శకుల చేతినుండి చరిత్రకారుల చేతికి పోయినది.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కాకతీయుల కాలపు జనజీవనమును చిత్రించుటకు ఈ కావ్యమును విరివిగా వాడుకొనిరి. రాజుల వంశావళులే చరిత్రయనుకొను రోజులలో ప్రజల తిండియు, ఆటలును, కొలుపులును చరిత్రయే యని నిరూపించిన ఆ గ్రంథము 1955లో సాహిత్య అకాడమీ బహుమానము నందుకొన్నది. వారి మార్గము ఘనమైనది. అయితే ఆ మార్గమున నడచుచున్న నేటి పరిశోధకులలో ఒక తొందర కానవచ్చుచున్నది. పద్యమొకటి ఉదాహరించుట, దాని క్రింద 'కాకతీయులనాటి ప్రజలు ఇట్లు చేసెడివారు' అని వ్రాయుట - ఇంతతో నిర్ణయము ముగియుచున్నది. ఈ వ్యాసకర్తయు తన సిద్ధాంతగ్రంథమున ఇట్టి వాక్యములు వ్రాసినవాడే. కావున ఈ విచారము పరులను తప్పుపట్టుటకు గాక, తన లెక్కను తాను సరిచూచుకొనుటకు ఉద్దేశింపబడినది.

మొదట చూడవలసినది, ఈ కావ్యమున ఓరుగల్లును చూచిన కన్ను ఎవరిది అని. కథాకాలము ప్రతాపరుద్రునిది. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సైన్యములకు వశమైనది. మూలమైన 'ప్రేమాభిరామము' రావిపాటి త్రిపురాంతకుని సంస్కృతరచన. అది మనకు లభింపలేదు. దానిని తెనుగు చేసినవాడు వినుకొండ వల్లభరాయడని గ్రంథము చెప్పుచున్నది. శ్రీనాథుడేయని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. కర్త వీరిలో ఎవరైనను తెనుగు కావ్యము పుట్టునాటికి కాకతీయ సింహాసనము లేదు. కావున మన చేతిలోని పద్యమున రెండు కాలములు కలసియున్నవి: కథలోని నగరము ఒకటి, అనువాదకుడు తన కాలమున ఎరిగిన జనజీవనము మరియొకటి. మూలము దొరకనందున ఏ విశేషము ఎవరిదో విడదీయుట సాధ్యము గాదు. కర్తృత్వవివాదమున ఎంతో శ్రమ వెచ్చించిన మన విమర్శ ఈ రెండవ చిక్కును తగినంతగా పట్టించుకొనలేదు.

రెండవది, రూపకభేదము. ఇది వీథి. వీథియన దశరూపకములలో ఒకటి. ఏకాంకము, ఒకరిద్దరు పాత్రలు, శృంగారము ప్రధానము. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దరు ఒక దినమెల్ల ఓరుగంటి వీథులలో తిరుగుదురు, చూచినదానిపై వ్యాఖ్యానింతురు. ఈ ప్రక్రియ కొన్ని వర్ణనలను తానే కోరును: వేశ్యావాటిక, సుందరీవర్ణనము, ప్రభాతము, సాయంసమయము. అవి ఓరుగల్లున ఉన్నను లేకున్నను వీథిలో నుండితీరును. ఇక పూటకూటి వెలను, గడియారపు మ్రోతను, మైలారుని భటుల సాహసములను ఏ లక్షణకర్తయు కోరలేదు. లక్షణము కోరని విశేషము కావ్యములోనికి వచ్చినదనిన, దానిని తెచ్చినది లోకమే యగుట సంభావ్యము. లక్షణము కోరిన విశేషమునకు మాత్రము మరియొక సాక్షి కావలెను. ఇదియే నేనిచట ప్రతిపాదించు గీటురాయి.

ఈ గీటురాయిపై కొన్ని ఘట్టములను పరీక్షింతము. మిత్రులకు ఆకలివేళ తెలిసినది ఎట్లు? ఆంధ్రరాజు ద్వారముపైనున్న గడియారము రెండెనిమిదులు మ్రోగినది. గడియయన 24 నిమిషములు. సూర్యోదయము మొదలుగా లెక్కించినచో 16 గడియలనగా 6 గంటల 24 నిమిషములు. అనగా మధ్యాహ్నము దాటి కొంతసేపైనది. లెక్క ఆకలికి సరిపోయినది. రాజద్వారపు గంటనుబట్టి పురజనులు తమ భోజనవేళను నిర్ణయించుకొనుట మహానగరపు అలవాటు. పల్లెలో నీడయే గడియారము. పిమ్మట భోజనము: కప్పురభోగి యన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, మీగడతోడి పెరుగు. శృంగారమునకు దీనితో పని లేదు. ఇంటి యజమాని పేరుతో సహా చెప్పబడినది. నగరమున పేరుపడిన యిల్లు కావలెను. ఈ సాక్ష్యము బలవంతము. అయితే ఇది రూక వెచ్చింపగల బాటసారి భోజనమేకాని ఓరుగంటి ప్రజల నిత్యభోజనము కాదు. 'కాకతీయులనాటి ఆంధ్రుల ఆహారము' అను శీర్షిక క్రింద ఈ పద్యమును చేర్చుట, పెండ్లివిందును చూచి ఇంటి వంటను నిర్ణయించుట వంటిది.

మైలారదేవుని కొలువును చూడుడు. భక్తులు మండు నిప్పులపై నడుతురు, గాలములకు వ్రేలుదురు. గొరగపడుచు వెనుకకు వంగి నీటిలోని ముంగరను పైకి తీయును. మిత్రులు దీనిని వింతగా చూతురు. ఇక్కడ మనకు రెండవ సాక్షి కలడు. మైలారుడే మల్లన్నయై నేటికిని తెలంగాణమున కొలువందుకొనుచున్నాడు. సిద్ధిపేట జిల్లా కొమురవెల్లి జాతరలో పట్నములు వేయుదురు, అగ్నిగుండములు త్రొక్కుదురు, ఒగ్గువారు కథ చెప్పుదురు. గాలముల వ్రేలుట పోయినది, నిప్పులు మిగిలినవి. నేటి యాచారము నాటి పద్యమును బలపరచుటయే గాక, పద్యము నేటి యాచారపు ప్రాచీనతను తెలుపుచున్నది. గ్రంథమును జాతరను కలిపి చదువని పరిశోధనకు ఈ లాభము దక్కదు.

అన్నిటికంటె విచారింపదగినది వీరగాథాగానము. ఒక స్త్రీ వాద్యము మ్రోగించుచు వీరుల కథను ద్విపదలో పాడుచుండగా, అక్షరమక్షరమునకు యువకులు ఆవేశముతో తూలిపోవుదురు. పల్నాటి వీరులు ఓరుగంటి వీథులలో ఎట్లు కొలువబడిరో ఇది చూపును. ఆ కథ ద్విపదగా గానమందుండినదని చెప్పుటకును ఇది గట్టి యాధారము. దీనితోపాటు కోడిపందెపు ఘట్టమును చదువవలెను. పోరాడి చచ్చిన కోళ్లకై మంచనశర్మ విలపించును. వీరస్వర్గమున వానికి అప్సరసల పొందు కల్పించును. కోడిపందెము పురజనుల వినోదమనుట నమ్మదగినది. గోదావరి మండలములలో సంక్రాంతికి నేటికిని సాగుచున్నదే. కాని విలాపమును ఆచారముగా గ్రహింపరాదు, అది హాస్యము. ఆ హాస్యమునకు మూలము వీరగాథయందే యున్నది. వీరునకు చెల్లు స్తోత్రమును కవి కోడికి చెల్లించినాడు. పల్నాటి కథలో మలిదేవాదులు మాచర్ల విడిచి పోవుటకు కోడిపందెమే కారణము గదా! ఆ కథకు పూనకమందు జనము కోడిపందెము చుట్టును గుమికూడుట చూచి కవి నవ్వుకొనినాడు. ఈ నవ్వును వినని చరిత్రకారుడు, పద్యము చెప్పినదానిలో సగమే విన్నవాడగును.

ఇక మాచల్దేవి చిత్రశాల. దేవతల, మునుల శృంగారగాథలు గోడలపై చిత్రింపబడినవట. కాకతీయుల చిత్రకళకు దీనిని ప్రమాణముగా నేనును పూర్వము చూపితిని. ఇప్పుడు వెనుకాడుచున్నాను. వేశ్యాగృహము, అందలి శృంగారచిత్రములు ప్రక్రియ కోరినవే. చిత్రవిషయములు పురాణములనుండి ఏ కవియైనను కూర్పదగినవే. ఓరుగల్లున చిత్రకళ లేదని నా వాదము గాదు. ఈ పద్యము ఒక్కటియే దానికి చాలదని మాత్రమే చెప్పుచున్నాను.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును: లక్షణము కోరనిదానిని మాత్రము కవి కల్పింపలేడా? కల్పింపగలడు. కాని హాస్యరచన ఫలించుటకు శ్రోత ఆ వస్తువును గుర్తుపట్టవలెను. ఎవరును ఎరుగని వెలను, ఎన్నడును వినని గంటను చెప్పి నవ్వింపలేము. గుర్తింపు కవి కాలమునాటిదా, ప్రతాపరుద్రునినాటిదా యను సందేహము మాత్రము నిలుచును. అందుచేత 'కాకతీయుల కాలమున' అను మాటకు బదులు 'పదునాల్గవ శతాబ్ది ఆరంభమునకును పదునైదవ శతాబ్దికిని నడుమ' అని వ్రాయుట సత్యమునకు దగ్గర. శీర్షిక కొంత పొడవగును, నష్టము లేదు.

మరియొక పరిమితి కలదు. ఈ నగరమును చూపినవారు తీరికయు ధనమును గల ఇద్దరు విలాసపురుషులు. వారు వీథిని చూచిరి, ఇంటిలోపలిని చూడలేదు. వేశ్యను, గాయనిని, గొరగపడుచును చూచిరి, ఇల్లాలిని చూడలేదు. ఆ మట్టికోటను, రాతికోటను కట్టిన కూలివాడు వారి దారిలో నిలువలేదు. ఒక దినమున కనబడిన వింతలన్నియు నిత్యాచారములు కావు. నవ్వు కొరకు ఏరికూర్చినవి.

ఇట్లనుటచే క్రీడాభిరామపు విలువ తగ్గదు. అశ్లీలమని దానిని త్రోసిపుచ్చినవారును, శాసనమువలె దానిని నమ్మినవారును దానికి సమానముగా అన్యాయము చేసిరి. పద్యమును సాక్షిగా పిలుచు పరిశోధకుడు మూడు ప్రశ్నలు వేయవలెను: దీనిని ప్రక్రియ కోరినదా, లోకమిచ్చినదా? ఇది నవ్వుచు చెప్పినదా, నమ్మి చెప్పినదా? దీనికి శాసనమో, జాతరయో, మరియొక గ్రంథమో తోడు కలదా? ఈ మూడింటికి నిలిచిన విశేషములు తక్కువైనను, అవి మనకు నిశ్చయముగా దక్కును. లక్ష్మణవజ్ఝల యింటి పెసరపప్పు అట్టి విశేషములలో ఒకటి. దానిని ఏ ప్రళయమును ఓరుగంటినుండి తీసికొనిపోలేదు.