తిరగలి మేకు, ఉప్పు మూట

తల కాస్త ముందుకు వంచి, మెడ వెనక చొక్కా కాలరు తగిలే చోట వేలు పెట్టి చూడండి. ఒక ఎముక బొడిపెలా తగులుతుంది. చాలామందిలో అది ఏడో వెన్నుపూస. మెడ అక్కడితో సరి. దానిపైన ఇంకో ఆరు. జిరాఫీకీ ఏడే, మనింటి పిల్లికీ ఏడే. ఈ ఏడు పూసల మీద నాలుగున్నర, ఐదు కిలోల తల పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడుతుంది, తిరుగుతుంది, ఊగుతుంది.

పనితనమంతా పై రెండు పూసల్లో ఉంది. మొదటిదాన్ని అట్లాస్ అంటారు. మిగతా పూసలకి ముందువైపు లావుపాటి దిమ్మ ఉంటుంది, దీనికి అది లేదు. ఉత్త వలయం. దాని పైవైపు రెండు నున్నటి గుంటలు, వాటిలో పుర్రె అడుగునున్న రెండు గుబ్బలు కూర్చుంటాయి. ‘అవును’ అని తల ఆడించినప్పుడు ముఖ్యంగా కదిలేది ఈ జత. రెండో పూస పేరు యాక్సిస్. దాని నెత్తిన ఒక ఎముక మేకు నిటారుగా లేచి, అట్లాస్ వలయంలోకి దూరుతుంది. తిరగలి కింది రాయికి నడుమ మేకు ఉంటుంది, పై రాయి దాని చుట్టూ తిరుగుతుంది. అచ్చం అదే అమరిక. ‘కాదు’ అని తల అడ్డంగా ఆడించేది ఇక్కడే. మెడ మొత్తం తిరుగుడులో దాదాపు సగం ఈ ఒక్క కీలుదే. మేకుకి సరిగ్గా వెనకే వెన్నుపాము వెళుతుంది కాబట్టి, మేకు అటు ఒరగకుండా ఒక గట్టి లిగమెంట్ పట్టీ అడ్డంగా బిగించి ఉంటుంది. ఈ రెండు కీళ్ళలో డిస్కులు లేవు. ఉంటే ఇంత సులువుగా తిరగవు. డిస్కులు రెండో పూస కింద నుంచి మొదలవుతాయి.

ఈ పూసల్ని నడిపే కండరాల్లో చెప్పుకోదగ్గవి పుర్రె కిందే, జుట్టు మొదలయ్యే చోట లోపలగా ఉండే నాలుగు జతల చిన్న కండరాలు. బలం తక్కువ, కదలికని పసిగట్టే గుణం ఎక్కువ. తల ఎటు ఎంత ఒరిగిందో మెదడుకి కబురు పంపడం వీటి ముఖ్యమైన పని. ఫోను చూస్తూ గడ్డం ముందుకి సాచి కూర్చుంటే ఇవి గంటలకొద్దీ కుంచించుకునే ఉంటాయి. అమెరికాలో వెన్నెముక సర్జన్ కెన్నెత్ హంస్‌రాజ్ 2014లో కంప్యూటర్ నమూనాతో లెక్క కట్టారు: తల అరవై డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలు. అది నమూనా లెక్కే అనుకున్నా, వెనక కండరాలు ఎందుకు అలిసిపోతాయో తెలియడానికి చాలు.

ఇంకొకటి, పై నాలుగు పూసల పక్కల నుంచి దిగి, రెక్క ఎముక పైమూలకి అంటుకునే పొడుగాటి కండరం. పొద్దున్న లేచేసరికి మెడ పట్టేసి, పక్కమనిషిని చూడాలంటే నడుము నుంచీ తిరగాల్సి వస్తే, చాలాసార్లు అందులో దీని చెయ్యి ఉంటుంది. నొప్పి పుట్టగానే కదలకుండా కాపాడదామని బిగుస్తుంది, బిగుసుకున్నందుకు మళ్ళీ నొప్పి.

ఈ బిగువు సడలించడానికి మన ఇళ్ళల్లో ఉన్న ఉపాయం ఉప్పు కాపడం. ఇందులో ప్రతి మెట్టుకీ ఒక కారణం ఉంది. ఉప్పు రాళ్ళుప్పే కావాలి, మెత్తటిది కాదు. ఇనప మూకుట్లో నూనె చుక్క లేకుండా, సన్నటి సెగ మీద అట్లకాడతో తిప్పుతూ వేయించాలి. కాసేపటికి చిటపటమంటుంది, ఉప్పురాయి లోపల చిక్కుకున్న తడి ఆవిరై, రాయిని పగలగొట్టుకుని బయటికొస్తున్న చప్పుడది. పాత నేత పంచె ముక్కని రెండు మడతలు వేసి అందులో పోసి మూట కట్టాలి. నైలాను గుడ్డ కరిగి అంటుకుపోతుంది.

మూట వదులుగా కట్టాలి. కిటుకంతా ఇక్కడే. బిగించి కడితే అది గట్టి ఉండై ఒక్కచోటే ఆనుతుంది. వదులుగా ఉంటే పలుకులు లోపల జరిగి, మెడకీ భుజానికీ మధ్య ఉన్న పల్లంలోకి సర్దుకుంటాయి. పలుకుల సందుల్లోని గాలి వేడిని ఒక్కసారిగా వదలనివ్వదు. ముందు మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోవాలి. వేడిగా ఉన్నంతసేపూ అద్ది తీస్తూ ఉండాలి, చల్లారేకొద్దీ ఎక్కువసేపు ఉంచాలి. థర్మామీటరు లేకుండా వేడిని సరిచేసుకునే పద్ధతి ఇది. తెలిసినవాళ్ళు రెండు మూటలు కడతారు: ఒకటి మెడ మీద, ఒకటి మూకుట్లో. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. వావిలాకు దొరికే ఊళ్ళలో ఆకు వేడిచేసి కూడా కాపుతారు. షుగరు వల్ల చర్మానికి స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం వేడి జోలికి పోకపోవడం మేలు.

కాపడం పెట్టి పడుకుంటే సగం పనే అయినట్టు. కండరం మెత్తబడిన ఆ కాసేపట్లోనే మెడని కదిలించాలి. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ ప్రచారంలోకి తెచ్చిన కదలిక ఒకటి నాకు మహా ఇష్టం. నిటారుగా కూర్చుని, ఎదురుగా చూస్తూ, గడ్డం పైకెత్తకుండా, కిందికి దించకుండా, తలని బల్లలోకి సొరుగు తోసినంత తిన్నగా వెనక్కి జరపాలి. ఐదు సెకన్లు ఆపి వదలాలి. ఇలా పదిసార్లు. జరిగేది అంగుళమో రెండో. అంతలోనే కింది పూసలు వెనక్కి నిటారవుతాయి, పై కీలు ముందుకి వంగుతుంది, పుర్రె కింద కుంచించుకున్న చిన్న కండరాలు సాగుతాయి, గొంతు వెనక బద్ధకంగా పడున్న లోపలి కండరాలు పనిలోకి దిగుతాయి. నొప్పి చేతిలోకి పాకితే మాత్రం ఆపేయాలి.

దిండు సంగతి క్లుప్తంగానే: పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి భుజానికీ చెవికీ మధ్య సందు నిండాలి, వెల్లకిలా పడుకునేవాళ్ళకి అంతకన్నా పలచగా ఉండాలి. బోర్లా పడుకుంటే ఏ దిండూ అక్కరకి రాదు, రాత్రంతా ఆ తిరగలి ఒక పక్కకే తిరిగి ఉంటుంది.

సెలూన్లో క్షవరం అయ్యాక మెడ పట్టుకుని టకామని తిప్పించుకునే అలవాటు కొందరికి. హాయిగా ఉంటుందంటారు. పై ఆరు పూసల పక్కల్లో చిన్న రంధ్రాలున్నాయి, మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు వాటిలోంచే పైకి ఎక్కుతాయి. ఇంత సున్నితమైన దారిని ఒక్క కుదుపుతో మెలిపెట్టడం ఎంత మాత్రం మంచిది కాదు. ఇక చెయ్యి తిమ్మిరెక్కుతున్నా, పట్టు తప్పి గ్లాసు జారిపోతున్నా, నడక తడబడుతున్నా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా మూకుడు పొయ్యి మీద పెట్టొద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.