చేతికి నప్పాకే గురి

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ కొత్తగా కొన్నవాళ్లకు ఆ రోజే పెల్లెట్ వేసి పేల్చాలనిపిస్తుంది. ఆగమనే చెబుతాను. ఉస్మానియా క్యాంపస్‌లో పీజీ చదువుతూ తార్నాకలో ఉంటున్న మా అన్నయ్య కూతురికి ఈమధ్య కాంపాక్ట్ మోడల్ కొన్నాం. గోల్నాకలో మా ఇంటికి తెచ్చాక చాలా రోజులు పెల్లెట్ డబ్బా మూత తియ్యనివ్వలేదు. గది ఖాళీగా ఉండాలి, పెల్లెట్ పెట్టే చోటు, అంటే బ్రీచ్, తెరిచి లోపల ఏమీ లేదని చూసుకోవాలి, ఆ తర్వాత తెల్లగోడకు ఎదురుగా నిలబడి పిస్టల్ ఎత్తడం, నిలపడం, ట్రిగ్గర్ నొక్కడం, దించడం. షూటర్లు దీన్ని డ్రై ప్రాక్టీస్ అంటారు. ఈ క్రీడలో అసలు విద్య ఇదే.

కాంపాక్ట్ అంటే పొట్టి గొట్టం, చిన్న గాలి సిలిండర్, కాస్త తక్కువ బరువు. నిబంధన ప్రకారం పిస్టల్ 1,500 గ్రాములు దాటకూడదు. పోటీ పిస్టళ్లు చాలావరకు కిలోకి అటూఇటూగానే ఉంటాయి, కాంపాక్ట్ ఇంకొంచెం తేలిక. ఆ కొంచెమే చాచిన చేతికి పెద్ద తేడా. ఒంటిచేత్తో, మణికట్టుకు ఏ ఆసరా లేకుండా, 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. చివరి ఇరవై షాట్లకు భుజం ఎలా ఉంటుందో నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది.

అయితే పొట్టితనానికి వెల ఉంది. వెనక సైట్‌కీ ముందు సైట్‌కీ మధ్య దూరం 300 మి.మీ. అనుకుందాం. ముందు సైట్ వెనక గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, పది మీటర్ల దూరంలో దెబ్బ 33 మి.మీ. తప్పుతుంది. పది పాయింట్లకు బదులు ఆరే వస్తుంది. అదే దూరం 350 మి.మీ. ఉన్న పొడవు పిస్టల్‌లో తప్పు 29 మి.మీ. లోపే, ఏడు దక్కుతుంది. మరి చెయ్యి మొత్తంగా, సైట్ల వరుస చెదరకుండా, ఐదు మిల్లీమీటర్లు ఊగితే? దెబ్బ కూడా ఐదు మిల్లీమీటర్లే జరుగుతుంది. పదో వలయం వ్యాసం 11.5 మి.మీ., పెల్లెట్ 4.5 మి.మీ., అంచు తాకినా పదే కాబట్టి ఆ షాట్ పదిలోనే పడుతుంది.

కొత్తవాళ్లు చేతి వణుకుకు భయపడి టార్గెట్ మీదకు చూపు పెడతారు. చూపు నిలవాల్సింది ముందు సైట్ మీద. అది కత్తి అంచులా స్పష్టంగా కనిపించాలి, గాడికి రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉండాలి. టార్గెట్ మీది నల్లటి వృత్తం మసకగానే ఉండనివ్వాలి, గురి దాని కింది తెల్లటి భాగంలో. గోడ ముందు సాధన ఎందుకంటే ఇందుకే: అక్కడ ఊరించే టార్గెట్ లేదు, సైట్లు తప్ప కంటికి పనిలేదు.

పిడి గురించి ఎంత చెప్పినా తక్కువే. మోరిని, స్టేయర్, వాల్తర్ లాంటి కంపెనీలు కర్ర పిడిని చిన్నా పెద్దా సైజుల్లో ఇస్తాయి. కానీ ఏ రెండు అరచేతులూ ఒక్కలా ఉండవు. మా అమ్మాయి వేళ్లు సన్నం, అరచేతికీ పిడికీ మధ్య సందు మిగిలింది. అక్కడ వుడ్ పుట్టీ నింపి, చేత్తో ఒత్తి, ఆరాక సాండ్ పేపర్‌తో రుద్ది, మళ్లీ పట్టి చూసి, మళ్లీ రుద్దాం. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, తెరిచేసరికి సైట్లు వాటంతటవే వరుసలో ఉంటే పిడి కుదిరినట్టు. మణికట్టు తిప్పి సరిచేసుకోవాల్సి వస్తే కుదరలేదన్నమాట.

ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములుండాలి. పోటీకి ముందు తూకం వేలాడదీసి పరీక్షిస్తారు. మొదటి దశ మెత్తగా వెనక్కి వస్తుంది, తర్వాత చిన్న అడ్డు తగులుతుంది, అక్కడినుంచి ఒత్తిడి నిలకడగా పెరగాలి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గరూ దొరుకుతుంది. అయితే ఏ పిస్టలైనా ఎప్పుడో మొరాయించవచ్చు: టోక్యో ఒలింపిక్స్ పది మీటర్ల పోటీలో అలా జరిగి మన షూటర్ మను భాకర్ విలువైన నిమిషాలు పోగొట్టుకోవడం చూశాం. 2024లో పారిస్‌లో అదే పది మీటర్ల పోటీలో ఆమె కాంస్యం తెచ్చింది.

అన్నిటికన్నా నేర్పడం కష్టమైనది దించడం. ఎత్తిన ఏడెనిమిది సెకన్లలో షాట్ పడకపోతే ఊపిరి వదిలి పిస్టల్ దించేయాలి. ప్రాణవాయువు తగ్గేకొద్దీ చూపు మందగిస్తుంది, వేలు తొందరపడుతుంది. చేతిలోకొచ్చిన అవకాశాన్ని వదులుకునే ఈ నిగ్రహం వల్లే నాకు ఈ క్రీడ మీద గౌరవం.

హైదరాబాద్‌కు ఇది కొత్త విద్య కాదు. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. గచ్చిబౌలి రేంజ్‌లో చిన్నప్పుడే మొదలుపెట్టిన ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే మను భాకర్, హీనా సిద్ధూలను దాటి పది మీటర్ల పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణంతోపాటు మూడు రజతాలు తెచ్చింది.

మా ఇంట్లో ఇప్పుడు పెల్లెట్ల వంతు వచ్చింది. సిలిండర్ మీద గడువు ముద్ర చూసుకున్నాం, 200 బార్ వరకు గాలి నింపించాం. రెండు మూడు రకాల పెల్లెట్లు తెచ్చాం. తల వ్యాసంలో 0.01 మి.మీ. తేడా ఉన్నా టార్గెట్ మీద దెబ్బల గుంపు విచ్చుకోవచ్చు, కాబట్టి ఏది ఈ గొట్టానికి నప్పుతుందో రేంజ్‌లో ఒక్కొక్కటీ పేల్చి చూసి, అదే బ్యాచ్‌వి ఎక్కువ డబ్బాలు కొంటాం.