బొగ్గుల పొయ్యికి తొలి అతుకు

కొత్తగా వెల్డింగ్ పట్టినవాడికి గేటు కన్నా బొగ్గుల గ్రిల్లే మంచి పని. నీళ్ల ట్యాంకైతే సూదిమొనంత కంత కూడా పరువు తీస్తుంది. నిప్పుల పెట్టెకు ఎటూ గాలి కావాలి, చిన్నాచితకా కంతలు చెల్లిపోతాయి.

సూరత్ దగ్గరి కామ్‌రేజ్ లాంటి హైవే కూడలిలో వెల్డింగ్ షాపు కోసం వెతుక్కోనక్కర్లేదు. 3 మి.మీ. రేకు, 2.5 మి.మీ. రాడ్డు, 80 ఆంపియర్లకు అటూ ఇటూ కరెంటు చాలు. ముందు మూలలకు టాక్‌లు (చిన్న చుక్క అతుకులు) వేసి, మూలమట్టం పెట్టి చూడాలి. తొందరపడి ఒకేవైపు పొడవునా లాగామా, రేకు వంకర తిరుగుతుంది. చల్లారాక అతుకు మీది స్లాగ్‌ను సుత్తితో కొడితే పెంకులా ఊడి, కింద అతుకు చేపపొలుసుల్లా వరుసగా కనిపించిందంటే చెయ్యి కుదిరినట్టే. ఆ క్షణం కోసమే ఈ పని నేర్చుకోవచ్చంటాను. జింకు పూసిన రేకు జోలికి మాత్రం పోవద్దు. దాని పొగ జ్వరం తెప్పిస్తుంది.

సూరత్‌లో చలికాలం పోంక్ కాలం. లేత జొన్నకంకులను నిప్పుల్లో కాల్చి గింజ రాలుస్తారు, అచ్చం మన ఊచబియ్యమే. తెలంగాణ నుంచి మగ్గాల పనికొచ్చి అక్కడే స్థిరపడ్డ మనవాళ్లకు చికెన్ ముక్కలతోపాటు ఈ కంకులకూ గ్రిల్లు పనికొస్తుంది. మొదటిసారి మాత్రం ఖాళీగానే బాగా మండించి, ఊచలకు నూనె రాయండి.