పోతలో పుట్టిన అంకె, పంచ్ కొట్టిన అంకె

1969 నాటి షెవర్లే కామరో జెడ్/28 అమ్మకానికి వస్తే తెలిసినవాళ్లు ముందు బానెట్ ఎత్తుతారు, రంగు సంగతి తర్వాత. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఇంకా ఉందా అన్నదాన్ని బట్టే ధర పలుకుతుంది. జవాబు ఇంజిన్ బ్లాకు మీదే ఉంటుంది, కాకపోతే నాలుగు చోట్ల విడివిడిగా.

బ్లాకు మీది అంకెలు రెండు రకాలు. ఉబ్బెత్తుగా ఉండేవి ఫౌండ్రీలో పుట్టినవి. నమూనాకు అంకెల బిళ్లలు బిగించి, చుట్టూ ఇసుక దట్టించి, నమూనా తీసేస్తే ఇసుకలో అంకెల గుంటలు మిగులుతాయి. కరిగిన ఇనుము వాటిలోకీ పారి గడ్డకడుతుంది. తేదీ బిళ్లలను మార్చాలి కనుక వాటిని స్క్రూలతో బిగించేవారు. ఆ స్క్రూల తలలు కూడా కొన్ని బ్లాకుల మీద అచ్చుపడ్డాయి. లోతుగా దిగిన అంకెలు ఆ తర్వాతివి, ఫ్యాక్టరీలో పంచ్ కొట్టినవి.

షెవర్లే స్మాల్ బ్లాక్ వి8లో పోత నంబరు వెనక, గేర్‌బాక్స్ వైపు అంచు మీద ఎడమ పక్కన ఉంటుంది. ఆ కాలపు బ్లాకుల్లో పోత తేదీ అదే అంచుకు కుడి పక్కన కనిపిస్తుంది. మడ్డిని కిరసనాయిలుతో కడిగి, వైరు బ్రష్షు పట్టి, సుద్దముక్క అడ్డంగా రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. అక్షరం నెల, తర్వాత రోజు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. ‘సి 14 9’ అంటే మార్చి 14. సంవత్సరం 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు.

పోత నంబరు ఒక్కటే చూసి నమ్మితే తప్పులో కాలేసినట్టే. 3970010 నంబరు బ్లాకును జెడ్/28 వాడిన 302 ఘనపు అంగుళాల ఇంజిన్‌కూ వాడారు, మామూలు 350కీ వాడారు. రెంటి బోరూ 4 అంగుళాలే, మారేది క్రాంక్ స్ట్రోక్. అందుకని ఆ నంబరు ఇంజిన్ వంశం చెబుతుంది గానీ పేరు చెప్పదు.

పేరు చెప్పేది ముందువైపు, కుడి సిలిండర్ హెడ్ దగ్గరి చదును మీది పంచ్. ‘వి0326డిజెడ్’ అని ఉంటే ఫ్లింట్ ప్లాంటులో మార్చి 26న బిగించిన 302 అన్నమాట. మార్చి 14న పోసిన బ్లాకుకు ఇది కుదురుతుంది. పంచ్‌లో మార్చి 10 ఉంటే ఎక్కడో మోసమో పొరపాటో ఉన్నట్టే. పోయకముందే బ్లాకును ఎవరూ బిగించలేరు. ఇక ఆ కారు సీరియల్ నంబరు కూడా బ్లాకు మీద పంచ్ అయి ఉండాలి. అందులో ‘ఎన్’ ఉంటే కారు ఒహైయోలోని నార్‌వుడ్‌లో, ‘ఎల్’ ఉంటే కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో తయారైంది.

మోసగాళ్ల చెయ్యి పడేది పంచ్ అంకెల మీదే. పాతవి అరగదీసి కొత్తవి కొట్టడం తేలిక. అయితే ఫ్యాక్టరీలో బ్రోచింగ్‌తో నున్నగా చెక్కినప్పుడు ఆ చదును మీద ముందునుంచి వెనక్కి సన్నని గీతలు పడతాయి. అరగదీస్తే అవి పోతాయి. బోరింగ్ షాపులో నిజాయితీగా ఫేసింగ్ పట్టినా పోతాయి కాబట్టి గీతలు లేనంత మాత్రాన మోసం అనలేం. పోత తేదీ మార్చడం అంత సులువు కాదు. అందుకే సరైన తేదీ ఉన్న ఉత్త బ్లాకులకూ గిరాకీ.

మొత్తం మీద, పోత తేదీ చెప్పేది ఈ బ్లాకు ఆ కారుదై ఉండవచ్చని మాత్రమే. ఆ కారుదేనని చెప్పేది పంచ్. ఆ పంచ్‌ను ఎంతవరకు నమ్మవచ్చో దాని కింది గీతలను చూసి తేల్చుకోవాలి.