అదృశ్య పాలకుల సిద్ధాంతము: ఒక విమర్శ

లోకమున జరుగు యుద్ధములను, కరవులను, మహమ్మారులను ఎవరో కొందఱు మఱుగున నుండి నడుపుచున్నారను మాట నేడు పండితుల నోటను, పామరుల నోటను వినవచ్చుచున్నది. దానిని వట్టి వదంతియని త్రోసివేయుట సులభము. కాని యీ భావమునకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో తెలుగువారికిని భాగము కలదు. కావున దానిని పరిశీలించుట మనకు తగిన పనియే.

ఈ సిద్ధాంతమును మన దేశమున మిక్కిలి స్పష్టముగా ప్రతిపాదించినవారు దివ్యజ్ఞాన సమాజాధ్యక్షురాలు శ్రీమతి అనీబిసెంటు. 1920లో కాశీలో వారు చేసిన ఉపన్యాసములు ‘ది ఇన్నర్ గవర్నమెంట్ ఆఫ్ ది వరల్డ్’ అను పేర గ్రంథరూపము దాల్చినవి. లోకమునకు అధిపతి సనత్కుమారుడట. ఆయన క్రింద మనువు జాతులను, బోధిసత్త్వుడు మతవిద్యలను, మహాచోహనుడు తక్కిన శక్తులను నడుపుదురట. పేర్లు మన పురాణములవి, బౌద్ధమువి. ఏర్పాటు మాత్రము ఆ కాలపు దొరతనపు కచ్చేరీలది. పేర్లు పరిచితములగుటచే నమ్మకము సులభమైనది.

ఇచట గమనింపదగిన భేద మొకటి కలదు. ఛాందోగ్యోపనిషత్తులో సనత్కుమారుడు నారదునకు గురువు. నారదుడు ఇంతకంటె గొప్పది కలదాయని మఱల మఱల అడుగును. గురువు మఱల మఱల సమాధానము చెప్పును. అట్టి ప్రశ్నింపదగిన గురువే కాశీ ఉపన్యాసములలో ఎవరును ప్రశ్నింపరాని ప్రభువాయెను. ఈ మార్పే ఆ సిద్ధాంతమునందలి ప్రధాన దోషము.

దాని ఫలమును అనుభవించినది ఒక తెలుగు కుటుంబము. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారునందు లెడ్‌బీటరు గుర్తించి, రానున్న జగద్గురువునకు వాహనముగా నిర్ణయించెను. 1911లో ఆ బాలుని నాయకునిగా నిలిపి నక్షత్ర సంఘమును స్థాపించిరి. తండ్రి నారాయణయ్య తన బిడ్డలను తనకు ఇప్పింపుడని న్యాయస్థానము నాశ్రయించెను. 1913లో మదరాసు హైకోర్టు తండ్రి పక్షమున తీర్పు చెప్పెను. 1914లో ప్రీవీ కౌన్సిలు దానిని రద్దుచేసెను. గెలుపోటము లెట్లున్నను, ఆ తండ్రి మొఱ పెట్టుకొనుటకు దొరకినది కంటికి కనబడు న్యాయస్థానమే గాని అదృశ్య ప్రభుత్వము కాదు. తుదకు 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండు దేశమందలి ఓమెన్‌లో, తనకై వెలసిన ఆ సంఘమును కృష్ణమూర్తియే వేలకొలది సభ్యుల యెదుట రద్దుచేసెను. ఆ సిద్ధాంతమునకు ఇంతకంటె గొప్ప విమర్శ మఱియొకటి లేదు.

అనీబిసెంటు దేశసేవను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. 1916లో హోమ్‌రూలు ఉద్యమమును నడపినది వారే. 1917లో కాంగ్రెసు అధ్యక్షతను వహించినదియు వారే. కాని కనబడు దొరతనమును ప్రజలకు జవాబు చెప్పుమని కోరిన వారే, కనబడని దొరతనమునకు తల వంచుడని బోధించుట పరస్పర విరుద్ధము.

అదృశ్య పాలకులు దయామయులైనచో అది దివ్యజ్ఞానమగును. దుర్మార్గులైనచో కుట్ర యగును. అస్థిపంజర మొక్కటియే. రష్యాలో 1903లో వెలువడిన ‘ప్రోటోకాల్స్’ యూదులు లోకమును వశపఱచుకొన కుట్ర పన్నిరని చాటెను. అది 1864 నాటి మారిస్ జోలీ ఫ్రెంచి గ్రంథము నుండి అపహరింపబడిన కూటసృష్టి యని 1921లో లండన్ ‘టైమ్స్’ పత్రిక నిరూపించెను. అయినను నాజీలు దానిని వాడుకొనిరి. నమ్మినవానికి ఖండనమును కుట్రలో భాగమే యగును. ఏ సాక్ష్యమును ఓడింపలేని వాదము బలమైన వాదము కాదు. పరీక్షకు నిలువని వాదము.

లోకమున అధికారము సమముగా నున్నదని మేము చెప్పుట లేదు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో అయిదు దేశములకే వీటో కలదు. ఈ అన్యాయము రహస్యము కాదు. 1945 నాటి శాసనపత్రములోనే వ్రాయబడియున్నది. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశములు మహమ్మారుల ఒప్పందమును ఆమోదించినవి. దేశముల స్వాతంత్ర్యము పోవునను ప్రచారము అంతకు ముందే సాగినది. కాని సభ్యదేశముల చట్టములను మార్చు అధికారము సంస్థకు లేదని ఆ ఒప్పందమే చెప్పుచున్నది. చదివినవాడు విమర్శింపగలడు, చదువనివాడు భయపడగలడు.

సేత్తూరు వాసులకు ఈ చర్చ దూరము కాదు. మన యూరు ఒకప్పుడు జమీను. జమీనుదారు ఎవరో, శిస్తు ఎవరికి చెల్లునో రైతు ఎఱుగును. కనుకనే 1948లో మదరాసు రాష్ట్రమున ఎస్టేటుల రద్దు చట్టము రాగలిగినది. పేరులేని ప్రభువును ఏ చట్టమును రద్దుచేయజాలదు. పొరుగుననున్న రాజపాళయము తెలుగు బిడ్డ పూసపాటి కుమారస్వామి రాజా 1949లో మదరాసు ప్రధానియైరి. 1952 ఎన్నికలలో ఓడిపోయిరి. ప్రజలు తీసివేయగలిగినదే ప్రభుత్వము.

మఱుగున నున్నవానిని వెదకువాడు ఎదుట నున్నవానిని అడుగుట మఱచును. అదృశ్య పాలకుల సిద్ధాంతము వలన దృశ్య పాలకులకే లాభము. కావున మన సంఘములయందు వదంతి వచ్చినపుడు, ఆ పత్రము నెవరు వ్రాసిరి, ఎవరు సంతకము చేసిరి, ఎవరు జవాబుదారి యను మూడు ప్రశ్నలను నారదునివలె విసుగక అడుగుట మంచిది.