చాచా దిద్దిన లెక్క

మొన్న శనివారం సాయంత్రం ఒక ఎంబీఏ అమ్మాయి ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని మా ఇంటికొచ్చింది. థీసిస్ దాదాపు అయిపోయిందంది. దాదాపు అంటే ఏమిటమ్మా అన్నాను. "డేటా వచ్చేసింది మేడమ్, రాయడమే మిగిలింది" అంది. టాపిక్ చూశాను. ఆన్‌లైన్ షాపింగ్‌లో వినియోగదారుల సంతృప్తి, విత్ స్పెషల్ రిఫరెన్స్ టు హైదరాబాద్. మన దగ్గర కామర్స్ థీసిస్ అంటే ఆ 'స్పెషల్ రిఫరెన్స్' ఉండి తీరాలి, పెళ్ళి కార్డు మీద వినాయకుడి బొమ్మలాగా. కోటి మంది పట్టే ఊరు ఆ నాలుగు మాటల పక్కన ఒదిగి కూర్చుంటుంది.

గూగుల్ ఫారం పంపితే రెండు రాత్రుల్లో 153 మంది నింపారట. ఎవరు వాళ్ళు? హాస్టల్ వాట్సాప్ గ్రూపు, ఇంటర్ స్నేహితుల గ్రూపు, కజిన్స్ గ్రూపు. అందరూ ఇరవై రెండేళ్ళవాళ్ళే, అందరూ 'అంగీకరిస్తున్నాను' అన్నవాళ్ళే.

"రేపు పొద్దున్న ఎనిమిదిన్నరకి అబిడ్స్ జీపీవో దగ్గరికి రా" అన్నాను.

"ల్యాప్‌టాప్ తేవాలా మేడమ్?"

"వద్దు. చిల్లర నోట్లు తెచ్చుకో."

అబిడ్స్ అనడానికి ఒక కారణముంది. 1996లో నా ఎంకాం థీసిస్ పుట్టింది అక్కడే, ఆదివారం పూట మూసిన షాపుల షట్టర్ల ముందు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వారమంతా బట్టలూ చెప్పులూ అమ్మే షాపులు ఆదివారం మూసేస్తే, వాటి ముందున్న ఫుట్‌పాత్ పాత పుస్తకాలవాళ్ళది అవుతుంది. ప్లాస్టిక్ పట్టాలు పరిచి, వాటి మీద గుట్టలు పోస్తారు. ఒక గుట్ట ఏది తీసినా ఒకటే ధర. ఇంకో గుట్టకి మాత్రం ధర ఉండదు, మన మొహం చూసి చెబుతారు. సరుకు చాలావరకు తూకం మీద వస్తుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు, చదువులైపోయినవాళ్ళు కబాడీకి వేస్తారు, కబాడీ దగ్గర్నుంచి వీళ్ళు కిలోల్లెక్కన ఎత్తుతారు. కిలోల్లెక్క కొని ఒక్కొక్కటిగా అమ్మడం. ఆ రెండు ధరల మధ్య ఉన్నదే వ్యాపారం. ఏ పుస్తకం చిత్తుకాగితమో, ఏది సరుకో పట్టుకునే కన్నే పెట్టుబడి. ఇంగ్లీషు సరిగా చదవడం రాని మనిషి కూడా కోట్లర్ మార్కెటింగ్ ఎన్నో ఎడిషనో అట్ట రంగు చూసి చెప్పేవాడు. పాత ఎడిషనైతే పక్కకి విసిరేసేవాడు.

అప్పట్లో నా చేతిలో 32 ప్రశ్నల క్వశ్చనీరు ఉండేది. కొఠారీ రిసెర్చ్ మెథడాలజీ పుస్తకం ముందు పెట్టుకుని తయారుచేసింది. ప్రతి ప్రశ్నకీ ఐదు గడులు, పూర్తిగా అంగీకరిస్తున్నాను మొదలుకుని అస్సలు అంగీకరించను దాకా. ఈ ఐదు మెట్ల కొలతని 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కనిపెట్టాడు. ఆయన అబిడ్స్ రాలేదు. వచ్చి ఉంటే మూడు మెట్లతో సరిపెట్టేవాడు. నేను మొదట పట్టుకున్న ముసలాయన, అందరూ చాచా అనేవాళ్ళు, నా మొదటి ప్రశ్న విని, "అంగీకరించుడు ఒకటి, పూర్తిగ అంగీకరించుడు ఇంకొకటా? పెండ్లికి ఒప్పుకున్నోడు సగం ఒప్పుకుంటడా బేటీ?" అన్నాడు. తర్వాత నేను ఏమడిగినా "బరాబర్" అనేవాడు. ముప్పై రెండు బరాబర్లు. ఆ కాగితాన్ని చాలాకాలం దాచుకున్నాను.

నా థీసిస్ అసలు విషయం ఈ వ్యాపారుల వర్కింగ్ క్యాపిటల్. సరుకు కొనడానికి డబ్బు ఎక్కడ పుడుతుంది, ఎంత వడ్డీకి పుడుతుంది, ఇదీ నేను తేల్చాల్సింది. బ్యాంకు అప్పు ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్ళకి రోజువారీ ఫైనాన్సే గతి. సాయంత్రం సైకిల్ మీద ఒకతను వస్తాడు. చేతిలో చిన్న అట్టకార్డు, దాని మీద వంద గడులు. చాచా తీసుకున్నది నాలుగువేల ఐదువందలు. రోజుకి యాభై చొప్పున వంద రోజులు కట్టాలి, మొత్తం ఐదువేలు. ఆదివారం అబిడ్స్‌లో, మిగతా రోజులు కోఠిలో కూర్చుంటాడు కాబట్టి రోజూ ఏదో ఒకటి చేతికొచ్చేది.

నేను నోట్సులో చకచకా వేశాను. నాలుగువేల ఐదువందల మీద ఐదువందల వడ్డీ, అంటే నూటికి పదకొండు, వంద రోజులకి. నెలకి లెక్కేస్తే నూటికి మూడు రూపాయల ముప్పై పైసలు. మా ఊళ్ళో కూడా మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్ళున్నారు, పెద్ద ఘోరమేమీ కాదనుకున్నాను. ఆ మాటే అన్నాను కూడా.

చాచా నవ్వలేదు. పట్టా మీది పుస్తకాలు సర్దుతూనే అన్నాడు. "నాల్గు దినాలైనంక నా దగ్గర ఉన్నది నాల్గువేల మూడొందలే గద బేటీ. యాభై దినాలైతె సగమే. నువ్వు వంద దినాలు పూర పైసలు నా జేబుల ఉన్నట్టు ఏసినవ్ హిసాబ్."

నేను డిగ్రీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న పిల్లని. అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుని మళ్ళీ వేశాను. రోజూ అసలు తరిగిపోతూ ఉంటుంది కాబట్టి, సగటున ఆయన దగ్గర ఉన్న అప్పు రెండువేల మూడువందల లోపే. ఐదువందల వడ్డీ దాని మీద. అంటే నూటికి నెలకి ఆరు రూపాయల పైమాట. ఏడాదికి సుమారు ఎనభై శాతం. నేను రాసుకున్నదానికి దాదాపు రెట్టింపు. తరిగే అసలు మీద వడ్డీ కట్టడమెలాగో నాకు సిలబస్‌లో ఉంది. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. అయినా పట్టా పక్కన నిలబడేసరికి గుర్తు రాలేదు.

"మరి ఇంత వడ్డీ అని తెలిసీ ఎందుకు తీసుకుంటారు చాచా?" అన్నాను. ఇది నా 32 ప్రశ్నల్లో లేదు. ఆయన చెప్పింది చిన్న మాట. కబాడీ దగ్గర మంచి లాటు దిగితే గంటలో డబ్బు పెట్టాలి, లేదంటే పక్కవాడు ఎత్తుకుపోతాడు. బ్యాంకు గంటలో ఇవ్వదు, సైకిలాయన ఇస్తాడు. చాచా కట్టేది డబ్బుకి వడ్డీ కాదు, ఆ గంటకి కిరాయి. నా థీసిస్‌లో పనికొచ్చిన చాప్టర్ ఏదైనా ఉందంటే ఈ మాట చుట్టూ రాసిందే. మిగతా 140 పేజీలూ బైండింగ్‌కి లావు రావడానికి పనికొచ్చాయి.

ఒక్క పాపం ఒప్పుకోవాలి. చివర్లో 'సజెషన్స్' అని ఒక చాప్టర్ ఉంటుంది కదా. ఇరవై రెండేళ్ళ నేను అందులో రిజర్వు బ్యాంకుకి ఏడు సూచనలు చేశాను. చాచాకి మూడు. ఆ మూడూ ఆయనకి చదివి వినిపించే ధైర్యం మాత్రం చేయలేదు.

బ్యాంకు అంటే గుర్తొచ్చింది. ఆ ఫుట్‌పాత్‌కి నడక దూరంలో, గన్‌ఫౌండ్రీలో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రధాన కార్యాలయం ఉండేది. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్‌గా పుట్టి, నిజాం రాజ్యపు ఉస్మానియా సిక్కా లావాదేవీలు చూసిన బ్యాంకు. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. ఇక ఈ పట్టాలవాళ్ళ సంగతికొస్తే, 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. 2020లో పీఎం స్వనిధి వచ్చి, పూచీ లేకుండా మొదటి విడత పదివేలు ఇస్తామంది. ఇప్పుడు ఎవరైనా పిల్లలు నన్ను టాపిక్ అడిగితే ఇదే చెబుతాను. ఆ పదివేలు వచ్చాక సైకిలాయన (ఇప్పుడు బైకు లెండి) రావడం మానేశాడా, లేక ఆ పదివేలు ఆయన పాత బాకీకే పోయాయా? ఒక్క బజారు, ఒక్క ప్రశ్న చాలు. ఎవరూ తీసుకోరు. అందరికీ కస్టమర్ శాటిస్ఫాక్షనే కావాలి.

సరే, ఆదివారం. అమ్మాయి టైముకే వచ్చింది. చాచా ఇప్పుడు లేడు, కొడుకు కూర్చుంటున్నాడు. పుస్తకాల మధ్య ఫోన్‌పే స్కానర్ నిలబెట్టి ఉంది. అమ్మాయికి చెప్పాను, ఏమీ అడగకు, గంటసేపు లెక్కపెట్టు. ఆగినవాళ్ళెందరు, వంగినవాళ్ళెందరు, కొన్నవాళ్ళెందరు. పావుగంటకి విసుగు మొదలైంది. అరగంటకి పెన్ను దానంతటదే కదలడం మొదలైంది.

మొదటి బేరం ఒక కుర్రాడిది. అకౌంట్స్ పుస్తకానికి రెండువందలు చెప్పాడు చాచా కొడుకు, కుర్రాడు నూట ఇరవై అన్నాడు. మారు మాట పలక్కుండా ఇచ్చేశాడు. కుర్రాడు ఫోన్ తీసి స్కాన్ చేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "బోణీ అన్నా, నోటియ్యి." కుర్రాడి దగ్గర నోటు లేదు. మా అమ్మాయి తన పర్సులోంచి రెండు యాభైలూ ఒక ఇరవై తీసిచ్చి, కుర్రాడి చేత తన ఫోన్‌కి పంపించుకుంది. ఇతను నోట్లు కళ్ళకద్దుకుని పట్టా కిందకి తోశాడు. పది నిమిషాల తర్వాత అలాంటిదే ఇంకో పుస్తకం ఇంకొకరు నూట యాభైకి అడిగితే ససేమిరా అన్నాడు. నూట ఎనభైకి, స్కానర్ మీదే తీసుకున్నాడు.

"మేడమ్, అదే పుస్తకం కదా" అంది.

"అదే."

"మరి మొదటివాడికెందుకు తక్కువకిచ్చాడు?"

నేను జవాబు చెప్పలేదు. వెళ్ళి అతన్నే అడిగింది. ఆ సంభాషణ నలభై నిమిషాలు సాగింది. చాయ్ వచ్చింది, ఇంకో చాయ్ వచ్చింది. నేను పక్క గుట్టలో నల్ల రెక్సిన్ మీద బంగారు అక్షరాల థీసిస్ ఒకటి చూశాను, ఎవరిదో, ఏదో ప్రైవేటు బ్యాంకు మీద. పేరు చదవకుండా బోర్లా పెట్టాను. లోపల కాగితాలు కొత్తగా, అంటుకునే ఉన్నాయి.

ఈ వీధికి అబిడ్స్ అనే పేరెలా వచ్చిందో నాంపల్లి వైపు నడుస్తూ చెప్పాను. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ ఉండేవాడు. ఆయన ఇక్కడ పెట్టిన కొట్టు పేరే ఇప్పటికీ ఈ వీధి పేరు. నిజాం ఒకసారి వాడి పక్కన పడేసిన వస్తువుల్నే ఆబిద్ మళ్ళీ నిజాంకే అమ్మేవాడని ఊరంతా చెప్పుకునే కథ. వాడిన సరుకు తిప్పి అమ్మడమనే విద్య ఈ వీధికి పేరుతోనే వచ్చిందన్నమాట. అమ్మాయి నడుస్తూనే ఫోన్లో రాసుకుంది.

అప్పుడు అసలు దిగులు బయటపెట్టింది. ఇలా వారం వారం రావాలంటే ఛార్జీలు, చాయ్ ఖర్చు, టైము. సరిగ్గా అప్పటికి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గేటు దగ్గరికి వచ్చాం. జనవరి కదా, ఏటా పెట్టే ప్రదర్శన నుమాయిష్ నడుస్తోంది. మధ్యాహ్నం కావడంతో గేటు ఇంకా తెరవలేదు. తోపుడుబండి మీద శాలువాల మూటలు లోపలికి పోతున్నాయి. నలభై ఆరు రోజుల వ్యాపారానికి అంత దూరం నుంచి వచ్చే కశ్మీరీ వ్యాపారి అద్దె, రవాణా, మిగిలిన సరుకు లెక్కలు ఎవరైనా రాస్తే నేను రాత్రంతా కూర్చుని చదువుతాను.

ఈ నుమాయిష్ ఎలా మొదలైందో తెలుసా అన్నాను. జెయింట్ వీల్ కోసం కాదు, మిర్చీబజ్జీ కోసం అసలే కాదు. సర్వే కోసం. 1929-30లో ఆర్థికవేత్త కేశవ అయ్యంగార్ హైదరాబాద్ రాజ్యంలోని ఊళ్ళలో ఆర్థిక పరిశోధన చేసి సంపుటాలు వేశారు. ఆ తర్వాత ఉస్మానియా పట్టభద్రుల సంఘంలోని ఆర్థిక కమిటీ కుర్రాళ్ళు రాష్ట్రం మీద తామూ ఒక ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. డబ్బు లేదు. ఒక ప్రదర్శన పెట్టి, వచ్చిన దాంతో సర్వే చేద్దామనుకున్నారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో, రెండున్నర రూపాయల పెట్టుబడితో మొదలుపెట్టారని చెబుతారు. 1946లో ఈ చోటికి మారింది. ఇప్పుడు ఊళ్ళో ఎవరినైనా నుమాయిష్ గురించి అడిగితే మురుకులూ బొమ్మలూ చెబుతారు. సర్వే మాట ఒక్కరు ఎత్తరు.

"అంటే ఫీల్డ్‌వర్క్ ఖర్చు కోసం ఇంత పెద్దది పెట్టారా?" అంది, గేటు వైపు చూస్తూ.

"నీకు బస్సు పాస్ చాలు" అన్నాను.

రాత్రి పదకొండుకి మెసేజ్ వచ్చింది. టాపిక్ మారుస్తుందట. అబిడ్స్ పాత పుస్తకాల బజారులో బోణీ ధర, తర్వాతి ధర, నోటుకీ స్కానర్‌కీ తేడా. గైడుని ఒప్పించాలి, అది వేరే యుద్ధం. కింద ఇంకో లైను. "మేడమ్, గూగుల్ ఫారం నింపిన ఆ 153 మందిని ఏం చేయను?"

"ఆక్నాలెడ్జ్‌మెంట్‌లో థ్యాంక్స్ చెప్పు" అని పంపి పడుకున్నాను.