సత్యజిత్ రాయ్ చిత్రములలో విశ్వాసము, సంశయము

దైవము కంటి కగపడనిది. చలనచిత్రము కంటి కగపడుదానిని మాత్రమే చూపగలది. విశ్వాసమును తెరపై చిత్రింపబూనిన దర్శకున కీ చిక్కు మొదటనే యెదురగును. మన పౌరాణిక చిత్రములు దీనిని సులభముగ దాటినవి. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. ఆ కథలో సంశయించువాడు హిరణ్యకశిపుడు. స్తంభము పగులుటయే యాతనికి సమాధానము. పిదప 'సావిత్రి' (1933), 'లవకుశ' (1934) చిత్రములను తెలుగువారికొరకు కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ నిర్మించెను. మహిమ నిజమా కాదా యను ప్రశ్న ఆ చిత్రములకు లేదు. ఉండవలసిన పనియు లేదు. ఆ ప్రశ్ననే కథావస్తువుగా గైకొన్నవాడు అదే కలకత్తానగరమున జన్మించిన సత్యజిత్ రాయ్ (1921–1992).

రాయ్ కుటుంబము విగ్రహారాధన నంగీకరింపని బ్రహ్మసమాజమునకు చెందినది. కావున నాతడు విశ్వాసులను దూరమున నిలిచి పరిహసించునని తలచుట సహజము. 'దేవి' (1960) వెలువడినపుడు అది హిందూమతముపై దాడియని కొందరాక్షేపించిరి కూడ. చిత్రమును నిదానముగ చూచినచో నా యాక్షేపణ నిలువదు.

ప్రభాత్‌కుమార్ ముఖోపాధ్యాయుని కథ దాని కాధారము. పందొమ్మిదవ శతాబ్దపు వంగదేశమున కాళీకింకరుడను జమీందారు, తన చిన్నకోడలు దయామయి కాళికావతారమని కలగాంచి యామె పాదములపై బడును. ఆతడు కపటి కాడు. వంగదేశమున మామగారు కోడలిని 'మా' యని పిలుచుట వాడుక. కాళికను పిలుచు మాటయు నదియే. ఆడపిల్లను 'అమ్మా' యని పిలుచు మనకిది క్రొత్త గాదు. వాత్సల్యమెచ్చట ముగిసినదో భక్తి యెచ్చట మొదలైనదో ఆ వృద్ధునికే తెలియదు. ఛబి విశ్వాస్ నటన యీ యెరుగమిని గంభీరముగ ప్రదర్శించినది. ఎవరిని ద్వేషింపవలెనో తెలియకపోవుటయే ప్రేక్షకుని బాధ.

మరణోన్ముఖుడైన యొక బీదవాని బిడ్డ యామె సన్నిధిని కోలుకొనును. ఇతర చిత్రములలో నిది కథకు పరమావధి యయ్యెడిది. ఇచ్చట ననర్థమునకు మొదలు. కలకత్తాలో ఆంగ్లవిద్య నభ్యసించు భర్త ఉమాప్రసాదుడు వచ్చి యామె నొకరాత్రి రహస్యముగ తీసికొనిపోవును. నదీతీరమున, నిమజ్జనమైన విగ్రహపు శిథిలమును చూచి యామె యాగిపోవును. తాను నిజముగ దేవియే యైనచో? తాను వెడలిపోయినందున భర్తకు కీడు గలిగినచో? ఆమె వెనుకకు మరలును.

నా దృష్టిలో ఈ చిత్రమున కిదియే ప్రాణము. సంశయమనగా దేవుడున్నాడా యని విద్యావంతుడు వేయు ప్రశ్నయే యని మన మనుకొందుము. దయామయి సంశయము వేరు. తాను మానవినా యని యామె సంశయము. ఉమాప్రసాదుడు చెప్పినదంతయు సత్యమే. కాని బిడ్డ బ్రతుకుట నామె కన్నులార చూచినది. భర్త వాదములో దానికి చోటు లేదు. ఎదుటివారి మనస్సులో నేమి జరిగినదో యెరుగని హేతువాద మెంత సత్యమైనను వారిని రక్షింపజాలదు. తుదకు, ఆమె యొడిలో కథలు వినుచు పెరిగిన తోడికోడలి కుమారుడు జబ్బుపడును. ఈ దైవత్వమును మొదటినుండి నమ్మని తల్లియే, వైద్యము కోరుచు, బిడ్డ నామె యొడిలో నుంచవలసివచ్చును. బిడ్డ దక్కడు. విశ్వాసమునకు మూల్యమును ఎవరు చెల్లించిరో రాయ్ ఇచ్చట చూపినాడు: కలగన్నవాడు కాదు, పసివాడును పడుచును.

'మహాపురుష్' (1965) పరశురాముని హాస్యకథకు చిత్రరూపము. అందలి బిరించిబాబా ప్లేటోతో వాదించితిననియు, ఐన్‌స్టీనునకు పాఠము చెప్పితిననియు ప్రగల్భములు పలుకును. నవ్వు పుష్కలము, కాని మోసగాని బట్టబయలు చేయుట సులభము. 'గణశత్రు' (1989) గంభీరమైనదే. ఇబ్సెన్ 1882 నాటి నాటకములోని స్నానఘట్టముల నీరు ఇందు దేవాలయ తీర్థమైనది. తీర్థము కలుషితమై కామెర్లు వ్యాపించుచున్నవని చెప్పిన వైద్యుడు ప్రజాశత్రువగును. బహిరంగసభలో నాతనిని నీవు హిందువవా యని నిలదీసిన ఘట్టము నేటికిని కలవరపరచును. అయినను, ఆలయమువలన లాభము పొందువారికిచ్చిన రూపమును, భక్తితో దోసిలి పట్టిన యాత్రికునికి రాయ్ ఈయలేదు. 'దేవి'లో కాళీకింకరునికి దక్కిన న్యాయ మిచ్చటి భక్తునికి దక్కలేదు. వైద్యుని పక్షము న్యాయమైనదే గాని, చిత్ర మాతనికి సంశయించు నవకాశమీయక వాదమై మిగిలినది.

చివరి చిత్రము 'ఆగంతుక్' (1991)లో రాయ్ ఈ లోపమును సవరించెనని నా యభిప్రాయము. చిరకాలమునకు కలకత్తా చేరిన మేనమామ మనోమోహనుని, ఉత్పల్ దత్ ధరించిన పాత్రను, ఒక న్యాయవాది మతమునుగూర్చి ప్రశ్నించును. మనుష్యులను విడదీయు మతమును తాను నమ్మనని యాతడు స్పష్టముగ చెప్పును. ఆ పెదవులే మరియొకప్పుడు శ్రీకృష్ణనామములను పాడును. ఆ గళము రాయ్‌దే. నమ్మనివాడు నామములనేల పాడవలెనని యడుగువారు 'దేవి'ని మరల చూడవలెను. విశ్వాసమునందలి మాధుర్యము నెరిగినవాడే దానివలన గలుగు హాని నంత నిష్కర్షగ చూపగలడు. బిడ్డకు వైద్యుని పిలుచుట, కలుషజలమును తీర్థముగ నీయకుండుట యను విషయములలో రాయ్ ఎన్నడు రాజీపడలేదు. తన కళ శిఖరమందుకొన్నచోట భక్తుని యార్తిని చిన్నచూపును చూడలేదు. ఈ రెండును కలిసినపుడే నాస్తికుని చిత్రము ఆస్తికునికిని తనదగును.